రత్నమణి టీచరు చేసి చూపించిన పాఠం

రత్నమణి టీచరు ఇంగ్లీషు పాఠం మొదలుపెట్టిందంటే పక్క తరగతి వాళ్ళు పుస్తకాలు మూసేసుకోవలసిందే. ‘జంప్’ అని తనే ఎగిరేది. ‘ఫాల్’ అని బల్ల పక్కన కూలబడేది. ఇంగ్లీషు క్లాసులో తెలుగు ముక్క వినపడకూడదని, మాటకు అర్థం చెప్పకుండా చేసి చూపించాలని ట్రైనింగు స్కూల్లో నూరిపోశారు. నూరిపోసినవాళ్ళు కూడా అంత నిష్ఠగా పాటించి ఉండరు. లెక్కల మాస్టారు శాంతయ్యగారైతే, ఆమె డ్రిల్లు టీచరు కావలసిన మనిషని నవ్వేవారు. ఆయన నవ్వుకేం గానీ, ఆమె ఎగిరి నేర్పిన మాటను నందిగామ ఆడపిల్లల బడిలో ఒక్కరూ మరిచిపోలేదు.

ఆమె వీరులపాడు నుంచి వచ్చిన మనిషి. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి సువార్తమ్మ కూలికి పోయి, కూతుర్ని మిషను హాస్టల్లో పెట్టి చదివించింది. కూతురికి ఉద్యోగం వచ్చాక కూడా సువార్తమ్మ మిరపకోతలకు పోవడం మానలేదు. ఎందుకు మానుతుంది? ఆ ఉద్యోగం టెంపరరీ. ఏటా వేసవి సెలవులకు ముందు తీసేసేవారు, బడి తెరిచాక బుద్ధిపుడితే పిలిచేవారు. పర్మనెంటు కానీ, అప్పుడు చూద్దాంలే అనేది తల్లి.

1962 ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్ట్రెస్ భారతీదేవిగారు బడికి వస్తున్నారని కబురొచ్చింది. ఆవిడ పాఠం చూసి మెచ్చి సంతకం పెడితేనే రత్నమణికి పర్మనెంటు. రత్నమణి సంతపాఠం సిద్ధం చేసుకుని, సంచీ నిండా వంకాయలూ దోసకాయలూ తెచ్చుకుంది. అందరు టీచర్లలాగే ముందురోజు పిల్లలతో ఆ పాఠం ఒకసారి ఆడించింది కూడా. భారతీదేవిగారు ఎన్ని బళ్ళు చూసిన మనిషి! సంచీ వంక చూసి నవ్వి, రీడరు తానే తెరిచి, వరదలో రైతు కథ చెప్పమన్నారు. ఆ రైతు ఏటిని ఎలాగో దాటాడట. అక్కడ కొత్త మాట ‘మేనేజ్’.

రత్నమణి పుస్తకం పట్టుకుని తటపటాయించింది. ఆ మాట తెలియక కాదు. ఇల్లు నెట్టుకొచ్చిన అమ్మ, అల్లరి పిల్లల్ని సంబాళించిన హాస్టలు వార్డెను, చాలీచాలని జీతంతో సర్దుకుంటున్న తాను, అందరూ చేసింది అదే. కష్టాల్ని గట్టెక్కడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో అన్నీ నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ పైకి అనడానికి లేదు. పోనీ, చేసి చూపిద్దామంటే ఎగరడమా, కూలబడడమా?

మూలనున్న మంచినీళ్ళ ఇత్తడి బిందె కనపడింది. పిల్లల్లో గట్టిదైన రాఘవమ్మను పిలిచి, నిండు బిందెను బల్ల మీద పెట్టమని ఇంగ్లీషులో చెప్పింది. రాఘవమ్మ ఒంటి చేత్తో లేపబోయింది, లేవలేదు. రెండు చేతులా పట్టుకుంది, జారింది. చివరికి మోకాలు ఆనించి, పళ్ళు బిగించి, బల్ల అంచు మీదికి చేర్చింది. షీ మేనేజ్‌డ్ అని టీచరు గర్వంగా అంటూండగానే బిందె ఒరిగింది.

“కాలు తియ్యవే తల్లీ!” అని అరిచి, రత్నమణి పిల్లను రెక్క పట్టి లాగేసింది. ఆ కాలున్న చోటే బిందె పడింది. నీళ్ళు పారి ఇన్‌స్పెక్ట్రెస్‌గారి చెప్పులు తడిశాయి.

అన్నాళ్ళు కాపాడుకొచ్చిన నియమం, సరిగ్గా ఆవేళే, ఆవిడ ముందే మంటగలిసింది. మళ్ళీ వేసవి, మళ్ళీ తీసివేత, మళ్ళీ ఎండలో అమ్మ.

భారతీదేవిగారు మాత్రం రాఘవమ్మను దగ్గరికి పిలిచి, ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పమన్నారు.

“పాట్ ఫెల్. టీచర్ మేనేజ్‌డ్ టు పుల్ మీ.”

ఆ వాక్యం రీడరులో లేదు. ఎవరూ నేర్పలేదు. దాంతో ధైర్యమొచ్చి వెనక బెంచీ పిల్ల లేచి, తన తల్లి ఇల్లు మేనేజ్ చేస్తుందని అంది. ఇంకొకతె, వాళ్ళ తాత కర్ర లేకుండా నడవడం మేనేజ్ చేస్తాడంది. భారతీదేవిగారు అందరివీ విని రత్నమణి వైపు తిరిగారు.

“తెలుగు మాట్లాడారు మీరు.”

“మాట్లాడానండీ.”

“కాలు మీద బిందె పడుతుంటే ఇంగ్లీషు వెతుక్కునే టీచరైతే నేను సంతకం పెట్టేదాన్ని కాదు. మీకు పెడుతున్నా.”

ఆ సాయంత్రం వీరులపాడు బస్సులో సీటు దొరక్కపోయినా రత్నమణికి నిలబడ్డట్టే అనిపించలేదు. ఇంటికి చేరేసరికి సువార్తమ్మ చేలోంచి అప్పుడే వచ్చి, మంటెత్తే చేతులకు మజ్జిగ రాసుకుంటోంది. కూతురు జరిగిందంతా చెప్పి, రేపట్నించి చేలోకి పోవద్దంది. తల్లి మజ్జిగ గిన్నె పక్కన పెట్టింది.

“మళ్ళా ఎండాకాలం తీసెయ్యరుగా?”

“తియ్యరమ్మా.”

“అయితే రేపు పొద్దెక్కిందాకా పడుకుంటా.”

రత్నమణికి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె తల్లిని తెల్లవారాక పక్క మీద చూసిందే లేదు. మర్నాడు కోతల మేస్త్రి వాకిట్లో నిలబడి సువార్తమ్మను కేకేశాడు. రత్నమణి బయటికొచ్చి, మెల్లిగా అరవమంది.

“మా అమ్మ నిద్రపోతోంది.”