రాయి దొరకని ఊళ్లో శైలం

మా ఊరు రాజోలుకి దగ్గర, రెండు గోదావరి పాయల మధ్య. తవ్వితే మట్టి వస్తుంది, ఇంకా తవ్వితే ఇసక, తర్వాత నీళ్లు. రాయి రాదు. ఊళ్లో ఉన్న రాళ్లన్నీ బయటినుంచి వచ్చినవే. ఏటిగట్టుకి వేసినవి లారీల్లో వచ్చాయి, మా రుబ్బురోలు పడవలో వచ్చిందట. కొండని చిన్నప్పుడు నేను బొమ్మల్లో తప్ప చూడలేదు.

అయినా మా అమ్మ ప్రతి ఉదయం దేవుణ్ని కొండ అనే పిలిచేది. పొయ్యి వెలిగించకముందే వంటింటి గుమ్మం దగ్గర మోకరించి, "నా శైలమా, నా కోటా, నా కేడెమా, నా రక్షణ శృంగమా" అని మొదలుపెట్టేది. దేన్నయినా వరసలో పెట్టి చూసుకోవడం నాకు అప్పటినుంచే అలవాటు. శైలం, మా ఊళ్లో లేదు. కోట, లేదు. కేడెం అంటే డాలు, అదీ లేదు. శృంగం అంటే కొమ్మని సండేస్కూల్లో చెప్పారు. అది మాత్రం మా పాకలో ఉంది, గేదెకి.

ఈ సంగతి అమ్మమ్మతో అంటే, "ఉంది గానీ ఒకటే ఉందిరా. రెండోది కిందటేడు విరగ్గొట్టుకుంది. నీ రక్షణకి ఆ ఒక్కటీ చాలులే" అంది.

అమ్మ నవ్వు ఆపుకుంటూ నన్ను దగ్గరికి లాక్కుంది. గేదె బలమంతా కొమ్ములోనే ఉంటుందని, మీదికొచ్చినదాన్ని దాంతోనే ఆపుతుందని, దేవుడు మనకి అలాంటివాడని చెప్పింది. అది నాకు సరిపోయింది. శైలం సంగతి అడిగితే మాత్రం కాస్త ఆలోచించింది. "నేనూ చూడలేదు నాన్నా. కదలనిదని అర్థం."

నాన్న పోయాక అమ్మ మస్కట్ వెళ్లింది. మా పేటలో ఆడవాళ్లు అలా వెళ్లడం కొత్త కాదు. నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. అమ్మ ముందు ఒక ఇంట్లో పనికి కుదిరి, తర్వాత ఆ ఇంట్లోనే మంచం పట్టిన ముసలావిడని చూసుకునే మనిషిగా నిలిచిపోయింది. ఎప్పుడో సెలవు మీద వచ్చేది, మళ్లీ వెళ్లిపోయేది. వెళ్లిన మర్నాడు నాకు పెందరాళే మెలకువ వచ్చేది. ఎవరూ ఉండరని తెలిసే వంటింటి గుమ్మం వైపు చూసేవాణ్ని.

ఇప్పుడు ఆదివారాలు అమ్మ తన ప్రార్థనని వాయిస్ మెసేజ్‌గా పంపుతుంది. చర్చికి బయల్దేరేముందు అమ్మమ్మా నేనూ వింటాం. ఈమధ్య ఒక వారం ఏదో తక్కువైనట్టు తోచి మళ్లీ పెట్టాను. కోట ఉంది, కేడెం ఉంది, శృంగం ఉంది. శైలం లేదు. పాత మెసేజ్‌లు వింటే వాటిలోనూ లేదు. ఎప్పుడు మానేసిందో నేను గమనించనేలేదు.

సాయంత్రం ఫోన్ చేసి అడిగాను.

"ఇక్కడ కిటికీలోంచి చూస్తే అన్నీ కొండలే కదరా" అంది. "చెట్టుండదు, గడ్డిపరకుండదు. మధ్యాన్నం ఎండకి కాగిపోతాయి. పొద్దు కుంకేక చెయ్యేసినా చురుక్కుమంటాది. అక్కడున్నప్పుడు కొండంటే ఏదో అనుకునేదాన్ని. వీటిని చూస్తా ఆయన్ని ఆ పేరుతో పిలవలేకపోతన్నాను."

"మరేమంటున్నావు?"

"చెయ్యి పట్టుకోమంటన్నాను. అంతే."

నేను మట్టి పరీక్షలు చేసే కంపెనీలో పనిచేస్తున్నాను. వంతెన కట్టేచోట గొట్టం దింపి, లోపల నేల ఎంత గట్టిగా ఉందో చూసి చెబుతాం. మా వైపు మేం చూసిన ఏ చోటా రాయి తగల్లేదు. అందుకని ఇక్కడ స్తంభాల కింద లోతుగా దింపే కాంక్రీటు పైల్ రాతిమీద ఆనదు. చుట్టూ ఉన్న మట్టి దాన్ని పట్టుకుని నిలబెడుతుంది. అమ్మకి నచ్చుతుందనుకుని ఫోన్లో ఇది కూడా చెప్పాను.

"అయితే ఆయన్ని 'నా బురదా' అనమంటావేటి? మన పాస్టరయ్యగారు వింటే నన్ను సంఘంలోంచి వెలేస్తారు."

ఆమె నవ్వుతుండగానే, ఎన్నాళ్లుగానో అనాలనుకున్నది అనేశాను. "ఇంక చాలమ్మా. నా జీతంతో గడిచిపోద్ది. వచ్చెయ్."

"మామ్మగారిని వదిలేసి ఎలా వస్తాన్రా? వేరేవాళ్లు లేపితే కేకలేస్తాది. నా భుజం పట్టుకునే లేస్తాది, నా భుజం మీద తల పెట్టుకునే పాలు తాగుతాది. తను బతికుండగా వదిలెళ్లనని ఆవిడికి మాటిచ్చేను." తనే మళ్లీ అంది. "ఆవిడ పోయేక ఇంక ఆగను నాన్నా. ఆ మర్నాడే వచ్చేస్తాను."

ఫోన్ పెట్టేశాక ఆ "మర్నాడే" అన్న మాట దగ్గరే ఉండిపోయాను. అమ్మ వెళ్లినప్పటినుంచి నేను దేవుణ్ని అడుగుతూ వచ్చింది ఒక్కటే, అమ్మ ఇంటికి రావాలని. ఇప్పుడు అది అడిగితే ఆవిడ పోవాలని కూడా అడిగినట్టే. ఆ రెండింటినీ విడదీసి అడిగే మార్గం వారమంతా వెతికాను. వేరే మనిషిని పెట్టుకుంటే ఆవిడ కేకలేస్తుంది. ఆవిడ లేచి నడిచే వయసు దాటిపోయింది. అమ్మ మాట తప్పాలని అడగలేను. మూడూ కొట్టేశాక నా దగ్గర ఏమీ మిగల్లేదు.

తర్వాతి ఆదివారం ఆరాధనలో అయ్యగారు ప్రార్థన మనవులు అడిగారు. నా వంతు వచ్చేసరికి ఆయనే అందుకున్నారు. "మీ అమ్మగారు క్షేమంగా తిరిగి రావాలని. అంతే కదా బాబూ?"

"కాదండి" అన్నాను. "మస్కట్లో ఒక మామ్మగారున్నారండి. ఆవిడకి బలం కావాలండి."

"విశ్వాసులేనా?"

"కాదండి. మా అమ్మ చూసుకునే ఆవిడండి."

"ఆయ్, అలాగే" అన్నారు.

పక్కనున్న అమ్మమ్మ మోచేత్తో పొడిచింది. "మరి మన పిల్ల రావద్దేటిరా?"

కళ్లు మూసుకుని తల వంచుకున్నాను. పేరు కూడా తెలియని ఆ ముసలావిడకి అయ్యగారు ఎముకల్లో సత్తువ అడిగారు, నొప్పిలేని నిద్ర అడిగారు, ఇంకొన్నాళ్ల ఆయుష్షు అడిగారు. ఆ చివరిదానికి కూడా ఆమేన్ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అందరూ కళ్లు తెరిచాక కూడా నేను తెరవలేదు. ఆవిడ తల పెట్టుకునే ఆ భుజం ఒక్క పూటకి నాకూ కావాలని, అమ్మమ్మకి కూడా వినపడకుండా అడిగాను.