అనంతం నా సగటు

ఆ రోజుల్లో (మరీ పాతకాలం కాదు, మాస్కు మరిచిపోతే రైలెక్కనివ్వని రోజులు) నేను విసిరిన బంతుల్లో ఒకటి, లెక్క ప్రకారం, ఇంకా గాల్లోనే ఉంది. బ్యాటర్ దాన్ని కొట్టాడు. బంతి నిటారుగా ఆకాశంలోకి లేచింది. బ్యాటర్ వెనక కూర్చునే మా క్యాచర్ ముఖానికున్న జాలీ పీకి పారేసి, గ్లవ్ చాచి దాని కింద నిలబడ్డాడు. అంతలో మేమున్న జర్మనీ ఊరు ఇంగోల్‌స్టాట్ మీద మెరుపు మెరిసింది. ఆట ఆపమని అంపైరు రెండు చేతులూ ఎత్తాడు. బంతి గ్లవ్‌లో పడింది. చేతులు ముందు లేస్తే ఔట్ చెల్లదు; బంతి ముందు పడితే ఔటే. ఈ రెండింటిలో ఏది ముందు జరిగిందన్న దాని మీదే నా బేస్‌బాల్ జీవితమంతా ఆధారపడి ఉంది.

బేస్‌బాల్‌తో నీకేం పని అంటారా? కార్ల కంపెనీలో చేరిన కొత్తలో ఆదివారాలు మనవాళ్లతో క్రికెట్ ఆడేవాణ్ని. ఫాస్ట్ బౌలర్ని. చెయ్యి మడిచి విసురుతున్నానని రెండో ఓవర్‌లోనే పక్కన కూర్చోబెట్టారు (అది అసూయ అని నా అభిప్రాయం. ఇప్పటికీ మార్చుకోలేదు). మా టీమ్ కీపర్, నా రూమ్మేటు అయిన హైదరాబాదీ భాయ్ మాత్రం, "ఏం పరేషాన్ గాకు మియా! ఆడ చెయ్యి మడుస్తున్నవని ఎల్లగొట్టిండ్రు. చెయ్యి మడిస్తేనే ఆడేటి ఆట ఒకటున్నది, నడువ్" అని ఊళ్లోని బేస్‌బాల్ క్లబ్బుకి లాక్కెళ్లాడు. అక్కడి కోచ్ బేకరీ నడిపే పెద్దమనిషి. నా బంతులు రెండు చూసి, "శనివారం రా" అన్నాడు. అలా నేను పిచర్ని, అంటే వాళ్ల బౌలర్ని, అయ్యాను. భాయ్ క్యాచర్ అయ్యాడు.

ఆంక్షలు కాస్త సడలిన ఆ వేసవిలో, మొదటి మ్యాచ్‌లో, నా వేగానికి బ్యాటర్లు బెదిరిన మాట నిజం. బంతి ఎటు పోతుందో వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. పరుగులు వెళ్లాయి, ఒక్కరూ ఔట్ కాలేదు, కోచ్ వచ్చి భుజం తట్టి బంతి తీసేసుకున్నాడు. ఈ ఆటలో పిచర్ ఇచ్చిన పరుగుల్ని తీసిన ఔట్లతో భాగించి సగటు కడతారు. ఎంత తక్కువైతే అంత గొప్ప. మరి ఔట్లు సున్నా అయితే? లీగ్ వెబ్‌సైట్‌లో నా కెరీర్ సగటు గడిలో, పడుకోబెట్టిన ఎనిమిదిలా అనంతం గుర్తు ప్రత్యక్షమైంది. పక్క గడిలో లీగ్ సగటు, మామూలు మనుషుల అంకె.

అప్పటికే నాకు వీడియో కాల్‌లో నిశ్చితార్థం అయిపోయింది. విమానాలు లేక పెళ్లి ఆగింది. కాబోయే మామగారు (అప్పటికింకా అంకులే) ఆ పేజీ వెతికి పట్టుకుని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు: "లీగ్‌లో అందరి సగటూ ఇంతే. మా అల్లుడిది అనంతం."

"అంకుల్, అది తక్కువుంటేనే మంచిదండీ," అని ఫోన్‌లో మొత్తుకున్నాను.

"విన్నావుటే, ఎంత వినయమో!" అన్నారు ఆయన పక్కనున్న ఆంటీతో. "మా తమ్ముడి అల్లుడు ఎంసెట్ ర్యాంకు గురించి ఇప్పటికీ చెప్పుకు తిరుగుతాడు."

వాళ్లమ్మాయి ఇన్సూరెన్స్ కంపెనీలో లెక్కలు చూసే మనిషి. ఆమె దగ్గర ఈ వినయం సాగలేదు.

"నిన్ను సున్నాతో భాగించారు కదూ?"

"ఒక్క ఔట్ చాలు, మామూలు అంకె అయిపోతుంది."

"అయితే తియ్యి బాబూ. అనంతంగాణ్ని చేసుకుంటున్నానని ఆఫీసులో ఏ మొహంతో చెప్పను?"

సీజన్ చివరి మ్యాచ్‌కి ఫోన్‌ని కంచెకు కట్టి, ఆమెకు వీడియో కాల్ చేసి ఉంచాను. మొదటి మ్యాచ్ తర్వాత మళ్లీ అప్పుడే, చివర్లో, కోచ్ బంతి నా చేతికిచ్చాడు. మళ్లీ కొన్ని పరుగులు వెళ్లాయి (వివరాలు అనవసరం). తర్వాత ఆ బంతి, ఆ మెరుపు.

"ఫస్ట్ నా గ్లవ్‌ల పడ్డది! అటెంకనే చేతులు లేపిండు, కసం!" అని వానలో భాయ్ అరుపులు. అంపైరు నింపాదిగా, "నాకు గ్లవ్ చప్పుడు వినపడలేదు, ఉరుమే వినపడింది. లీగ్ కమిటీ తేలుస్తుంది" అన్నాడు. నేను కంచె దగ్గరికి పరుగెత్తాను.

"ఔటేనా?" అని ఆమే నన్ను అడిగింది.

"చూసింది నువ్వు కదా!"

"బంతి పైన ఉండగా బొమ్మ ఆగిపోయింది. ఇంకా అలాగే ఉంది."

పై వారాల్లో మళ్లీ లాక్‌డౌన్ వచ్చింది. కమిటీ కూర్చోవడానికి వీల్లేదు. కోచ్ ఎప్పుడడిగినా "టెర్మిన్ లేదట" అనేవాడు, అంటే కూర్చునే తేదీ కుదర్లేదని. నేను ఉద్యోగం మారి ఇంకో ఊరికి, కార్ల్స్‌రూహెకి, వచ్చేశాను. మళ్లీ బంతి విసరలేదు. పెళ్లి మాత్రం అయింది. ఔటో కాదో తేలకుండానే చేసుకున్నానని మా ఆవిడ ఎవరొచ్చినా చెబుతుంది. మామగారు ఇప్పటికీ నన్ను అనంతం పేరుతోనే పరిచయం చేస్తారు.

ఆ ఆగిపోయిన బొమ్మ మా హాల్లో ఫ్రేము కట్టి ఉంది. ఇవాళ పై అరలోంచి సూట్‌కేసు దించితేనే భుజం టక్కుమంటోంది గానీ, తల పైకెత్తి, వానొస్తే నాకేం అన్నట్టు నిలబడ్డ ఆ కుర్రాణ్ని, అంటే అప్పటి నన్ను, చూస్తే నవ్వొస్తుంది, కొంచెం బెంగా కలుగుతుంది. అది ఔటేనని వాడికి ఏ అనుమానమూ లేదు. నాకూ లేదు. లీగ్ పేజీలో మాత్రం నా పేరు పక్కన అనంతం అలాగే ఉంది. దాని మీద చిన్న చుక్క గుర్తు, కింద ఒక వాక్యం: ఒక ఔట్ కమిటీ పరిశీలనలో ఉంది.