బావ గేటు ముందు నిలిపిన వ్యాన్

ఆ వ్యాన్ మేము ఊళ్లు తిరుగుదామని సరదాపడి కొన్నది కాదు. మా బావ మీద కోపంతో కొన్నాం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే కోపం నాది, కొన్నది మా ఆయన.

బావ అంటే మా ఆయనకు సొంత అన్న. మణుగూరులో బొగ్గు గనిలో పనిచేసేవాడు. ఆయనకిచ్చిన రెండు గదుల క్వార్టర్లో ఒకటి బావది, మా తోడికోడలిది, ఇంకోటి మాది. మూడేళ్లున్నాం. మా ఆయన అడవి పల్లెల వారం సంతల్లో స్టీలు గిన్నెలు అమ్మేవాడు. నేను వెనక వరండాలో కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టేదాన్ని, సంత రోజుల్లో ఆయన వెంట పోయేదాన్ని.

ఒక వానాకాలం సాయంత్రం సంత నుంచి వచ్చేసరికి నా మిషన్ పెరట్లో, సరిగ్గా చూరు నీళ్లు పడేచోట ఉంది. వరండాలో బావ కొత్త మోటారు సైకిల్ నిలబడి ఉంది.

"బండికి జాగ లేదు. మీరు సంతలు తిరిగేటోళ్లు, ఏడనన్న పెట్టుకోండ్రి" అన్నాడు బావ.

మిషన్ మీద గోనెసంచి కూడా కప్పలేదు. చక్రం తిప్పితే కిర్రుమంది. నేను మా ఆయన వైపు తిరిగి, బావకు వినపడేట్టు, "రేపటి నుంచి ఈ ఇంట్ల నేనుండ" అన్నాను.

"కిరాయికి రూము చూద్దాం తియ్యి" అన్నాడాయన.

"కిరాయిది కూడా ఇంకొకని ఇల్లే. నన్ను ఎవ్వడూ లెవ్వమనని జాగ కావాలె నాకు."

సొంత జాగ దొరికేదాకా అని ఆ వారమే గల్లీ చివర రేకుల గదిలోకి మారాం. సంతలో తెలిసిన ఒక డ్రైవర్ చెబితే భద్రాచలం పోయి, ఒక మెకానిక్ షెడ్డు వెనక పడి ఉన్న పాత స్కూలు వ్యాన్ చూశాం. నేల రేకు తుప్పుపట్టి చిల్లులు పడింది. ఆ చిల్లుల్లోంచి గడ్డి లోపలికి మొలిచింది. కప్పుకు కందిరీగల గూడు. మెకానిక్ పెద్దాయన. మాకు కావలసింది సామాను బండి కాదని, అందులోనే వండుకుని పడుకుంటామని చెబితే మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"దీన్ల ఉంటరా? మనుషులేనా మీరు?"

"ఇంజన్ నడుస్తదా, నడువదా?" అన్నాను.

"నడుస్తది. మీ ఖర్మ."

నా చెవి కమ్మలు దానికే పోయాయి. ఇంజన్ పని అక్కడే చేయించి మణుగూరు తెచ్చాం. మా ఆయన దాన్ని సంత మైదానంలో పెడదామన్నాడు. నేను ఒప్పుకోలేదు.

"మీ అన్న గేటు ముందర పెట్టు."

"అన్నకు కోపమొస్తది."

"రావాలె."

క్వార్టర్ గేటుకు ఎదురుగా, మురుగు మోరీ పక్కన పెట్టించాను. సీట్లన్నీ పీకించి, బావ గుమ్మంలోంచి చూస్తే అవే కనపడేట్టు మోరీ గట్టున వరసగా పేర్చాను. నూనె డ్రమ్ములు కోసి, చదును చేసి, నేలకు వెల్డింగ్ చేయించాం. డ్రైవర్ సీటు వెనక కిరోసిన్ స్టవ్వుకు ఒక అరుగులాంటిది కట్టించాం. జాకెట్లలో మిగిలిన ముక్కలన్నీ అతుకులేసి కిటికీలకు కర్టెన్లు కుట్టాను.

తుప్పు గీకే పని మాత్రం నేనే పెట్టుకున్నాను. బావది ఆ నెల నైట్ షిఫ్ట్. ఆయన పొద్దున వచ్చి, తిని, మంచం మీద వాలే టైముకు నేను గరుకు కాగితం, ఇనుప రేకు ముక్క పట్టుకుని మొదలుపెట్టేదాన్ని. రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు బనీను మీదే బయటికొచ్చాడు.

"రాత్రంతా గనిల పనిచేసొచ్చి పండుకుంటున్న. గీ గీకుడేంది?"

"రోడ్డు మీద గీకుతున్న బావా. మీ వరండాల కాదు."

ఆ మధ్యాహ్నం నుంచి వాళ్ల పెరటి నల్లా దగ్గర మమ్మల్ని నీళ్లు పట్టనివ్వలేదు. నేను గీకే టైము మార్చలేదు. గల్లీలో ఆడవాళ్లు నాతో మాట్లాడటం తగ్గించారు. నాకు అదీ ఒక గెలుపులాగే అనిపించింది.

పడుకునే బల్లకు టేకు పలకలు తెచ్చాం. సంతలో ఒకతను అమ్మాడు, కాగితాలేం లేవు. ఆ సంగతి మాకు తెలుసు. బల్ల బిగించిన నాలుగో రోజే అటవీ శాఖ జీపు వచ్చింది. పలకలు ఊడదీసి జీపులో వేసుకుని, మా ఆయన్ని కూడా ఎక్కించుకున్నారు. బావ గేటు దగ్గర చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

జీపు కదలగానే నేను ఆ గేటు దగ్గరికి పోయాను. ఆ రోజు వరకు ఆయన్ని ‘మీరు’ అన్న నోటితోనే "నువ్వే చెప్పినవ్" అన్నాను.

"నేనెవ్వనికీ చెప్పలే. నోరు అదుపుల పెట్టుకో."

"సొంత తమ్ముణ్ణి పట్టిచ్చినవ్. గిసొంటి బుద్ధికే దేవుడు నీ ఇంట్ల పిల్లల్ని ఇయ్యలే."

మా తోడికోడలు అప్పుడే గుమ్మంలోకి వచ్చి ఉంది. ఆ మాట విన్నది. లోపలికి పోయి తలుపు వేసుకుంది. బావ ఆ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను మాత్రం ఇంకా తిడుతూనే ఉన్నాను.

జరిమానా కట్టించుకుని సాయంత్రానికి మా ఆయన్ని వదిలారు. పది రోజుల తర్వాత అసలు సంగతి తెలిసింది. పలకలు అమ్మినతను ముందే దొరికిపోయాడు. ఎవరెవరికి అమ్మాడో అతనే చెప్పాడు.

"పోయి ఒక్క మాట చెప్పు. వదిన అన్నం తింటలేదట" అన్నాడు మా ఆయన.

"చూద్దాం" అన్నాను. ఇనుప పైపులతో కొత్త బల్ల చేయించాం. మర్నాడే సామాను సర్దేసి, బండి తియ్యమన్నాను. బయలుదేరేటప్పుడు ఆ గేటు వైపు చూడలేదు.

రెండేళ్లు అందులోనే ఉన్నాం. సంత నుంచి సంతకు పోవడం, చీకటి పడితే ఏదో ఒక బడి పక్కన ఆపుకోవడం. రెండో ఏడు గోదావరి పొంగి భద్రాచలంలో బస్సులు ఆగిపోయిన రోజు, బస్టాండు దగ్గర వానలో బావ ఒక్కడే నిలబడి కనిపించాడు. నేను ఏమీ అనకముందే మా ఆయన బండి ఆపాడు. బావ వచ్చి నాకెదురుగా ఇనుప బల్ల చివర కూర్చున్నాడు. నేను టీ పెట్టి గ్లాసు పక్కన పెట్టాను. ముట్టుకోలేదు.

బస్సు దారి మునిగింది గనక చుట్టు తిరిగి అడవి దారిలో చాలాసేపు పోయాక, నన్ను చూడకుండానే అన్నాడు: "ఆ పలకల సంగతి నేను చెప్పలే."

"తెలుసు" అన్నాను.

"ఎప్పటిసంది?"

"పది రోజులకే తెలిసింది."

"తెలిసి కూడా రాలే?"

"అవ్."

ఆ రోజు గేటు దగ్గర అన్నది తప్పని కూడా చెప్పాలని ఉంది నాకు. నోటి దాకా వచ్చింది. అది పెదవి దాటేలోపే ఆయన లేచి, ముందుకు పోయి తమ్ముడి భుజం తట్టాడు.

"ఆపురా."

"ఇక్కడనా అన్నా? మణుగూరు ఇంకా చానా దూరముంది. వాన..."

"ఆపుమన్న."

దిగి తల మీద రుమాలు వేసుకుని నడిచాడు. మా ఆయన కొంతదూరం ఆయన పక్కనే మెల్లగా బండి పోనిస్తూ ఎక్కమని బతిమాలాడు. బావ తల తిప్పలేదు. నేను కిటికీ కూడా తెరవలేదు.

ఆ తర్వాత మూడు రోజులు మా ఆయన నాతో మాట్లాడలేదు. ఇంట్లో అయితే ఎవరో ఒకరం ఇంకో గదిలోకి పోయేవాళ్లం. ఆ బండిలో బల్లకు స్టవ్వుకు మధ్య రెండడుగులే. అన్నం పెడితే తినేవాడు, గిన్నె కడిగి బోర్లించేవాడు, అటు తిరిగి పడుకునేవాడు. ఆ వీపును చూస్తూ పడుకున్నాను నేను.