ఆళ్లగడ్డ కోర్టు వరండాలో

ఈ రోజు ఆళ్లగడ్డ కోర్టులో ఒకామె దావా నా వల్ల కొట్టేశారు. నేను ఆమె తరఫు వకీలును.

ఆమె కూలి పని చేసుకునే మనిషి. భర్త పోయాక ఆయన వాటా రెండెకరాల చేనును మరిది దున్నుకోబోతే కోర్టుకొచ్చింది. ఫీజు పెట్టుకోలేదు కనుక న్యాయసేవల కమిటీ నన్ను ఉచితంగా ఇచ్చింది. మరిది చేలో దిగకుండా స్టే తెచ్చాను. నా గొప్ప అంతవరకే.

ఈ ఉదయం నంద్యాలలో బేతంచెర్ల నాపబండల గని యజమాని కేసు కూడా ఉంది. ఆయన ఫీజు ఇస్తాడు. అక్కడికే వెళ్లాను. జడ్జిగారు సెలవట. బస్సెక్కి ఆళ్లగడ్డ చేరేసరికి మధ్యాహ్నమైంది.

ఆమె వరండాలో, కోర్టు హాలు తలుపు పక్కనే నిలబడి ఉంది. కేసు పిలిచారా అని అడిగాను.

"పిలిచినారు సార్. బంట్రోతు మూడుసార్లు నా పేరు అరిచినాడు."

"మరి పలకలేదా?"

"మీరే కదా సార్ చెప్పింది, నేను లేకుండా లోపలికి పోవద్దు, నోరు తెరవద్దని. ఈడనే నిల్చోని ఇంటానే ఉండా."

చెప్పింది నేనే. జడ్జి ముందు ఏదో ఒకటి అనేస్తారని అందరికీ అదే చెబుతాను. ఇంత బాగా పాటించినవాళ్లు ఇంతవరకు లేరు. పిలిస్తే ఎవరూ పలకలేదని దావా కొట్టేశారు. దానితో స్టే కూడా పోయింది.

ఉచిత వకీలంటే ఫీజు ఉండదని ఆమెకు తెలుసు. వకీలు కూడా ఉండడని ఈ రోజు తెలిసింది. ఆ మాట ఆమె అనలేదు. "రేప్పొద్దున ట్రాక్టరు దింపుతాడు సార్, ఏం చేయల్ల?" అని మాత్రం అడిగింది.

దావాను మళ్లీ తీసుకోమని పిటిషన్ వేయాలి. ఇలాంటి వాటిలో కక్షిదారుకు జ్వరం వచ్చిందని రాయడం మా ఆనవాయితీ. టైపిస్టు నేను చెప్పకముందే జ్వరమని టైపు కొట్టేశాడు. అది తీసేయించి నా పేరు మీదే అఫిడవిట్ చెప్పాను: ఆమె వచ్చింది, తలుపు పక్కనే ఉంది, పలకవద్దన్నది నేను, ఫీజు వచ్చే కేసుకు పోయింది నేను.

"ఇట్ల రాసుకుంటే రేపు మీకు కేసులెవరిస్తారన్నా?" అన్నాడు టైపిస్టు.

జడ్జిగారు అఫిడవిట్ చదివారు. విచారణ రేపు ఉదయానికి పెట్టారు. అవతలి వకీలు టీకొట్టు దగ్గర దొరికాడు. తేలేదాకా చేలోకి పోవద్దని మరిదికి నా ఎదురుగానే ఫోన్ చేశాడు.

తర్వాత ఆమెను వరండాలో నిలబెట్టి, బంట్రోతులా పేరు పెట్టి పిలిచాను. మొదటిసారి తల ఊపింది. రెండోసారి గొణిగింది. మూడోసారి "ఉండా సార్" అంటే జామీను కోసం కూర్చున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

రాత్రికి నంద్యాలలోని ఇంటికి పోలేదు. కోర్టుకు దగ్గర్లోనే లాడ్జిలో దిగాను. బస్సుల మీద అనుమానం ఉండి కాదు, నా మీద.