మామ ఇంజన్, మడికొండ మోటరు

ఆ రోజుల్ల మాకు ప్రపంచంల ఉన్న సమస్యలన్నిట్ల పెద్దది ఒక్కటే: రేపటి రోజున రేసు కార్లను దేంతోని నడిపియ్యాలె? పరీక్ష ఫీజు కట్టినమా, ఇంట్ల అమ్మకు ఫోన్ చేసినమా, అసొంటి చిన్న ముచ్చట్లు మా దాక రాకపోయేవి. వరంగల్‌ల ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతున్న మేం, హాస్టల్ మెస్సుల ఉప్మా ముందట పెట్టుకోని, బ్యాటరీయా, హైడ్రోజనా, సగం కరెంటు సగం పెట్రోలా అని పొద్దుగాలనే తేల్చి పారేసేటోళ్లం. పెద్ద పెద్ద రేసు టీములన్నీ మా ఫైసలా కోసమే పని బంద్ పెట్టి కూసున్నయన్నట్టు ఉండేది మా మాట తీరు. (ఉప్మా మాత్రం ఎవరి కోసం ఆగకపోయేది, గోడకు పెట్టే సిమెంటు లెక్క గట్టి పడేది.)

మాటల్తోనే ఆగినోళ్లం కూడ కాదు. కాలేజీ వర్క్‌షాపుల ఇనుప పైపులు అతికిచ్చి నిజంగనే ఒక రేసు బండి చేసినం. ఏడాదికొకసారి దేశంల ఉన్న ఇంజనీరింగ్ పిల్లగాండ్లంత కోయంబత్తూరుల జమై, ఎవరు చేసిన బండి వాళ్లు ఉరికిస్తరు. అందరికంటె బక్కోణ్ని గాబట్టి ఆ ఏడు డ్రైవర్‌ను నేను. తెలివి చూసి ఇచ్చిన నౌకరి కాదది, తూకం చూసి ఇచ్చింది. అయినా నా పానమంత ఆ సీటు మీదనే ఉండె. అంతకుముందు సీనియర్లు తోలుతుంటే నేను స్పానర్లు అందిచ్చుకుంట నిలబడ్డ. ఇగ కాలేజీ అయిపోతాంది, ఈసారి కూసోకపోతే జన్మల రేసు లేదు.

మా ఇంజన్ సప్లయర్ ఎవరనుకున్నరు? మా మేనమామ. కాశిబుగ్గల పాత బైకులు కొని అమ్మే దుకాణం ఆయనది. ఏ బైకు ఇగ అమ్ముడుపోదు అనిపిస్తదో దాని ఇంజన్ ఊడదీసి మా బండికి దానం చేసేటోడు. షరతు ఒక్కటే, బండి మూతి మీద కాలేజీ పేరు కంటె దుకాణం పేరు పెద్దగ ఉండాలె. ఆ ఇంజన్ గొప్పతనం ఏందంటే, స్టార్ట్ అయితే దుమ్ము లేపేది. స్టార్ట్ అయితే. అది కూడ మామ దగ్గరుండి రెండు తిట్లు తిడితేనే అయ్యేది.

గా ఏడే మా టీము కెప్టెన్‌కు జ్ఞానోదయమైంది. ఆయనను మేం చైర్మన్ అనేటోళ్లం (పని చేసేటప్పుడు యాడ ఉంటడో తెల్వదు, ఫోటో తీసేటప్పుడు మాత్రం నడిమిట్ల ఉంటడు). ఫోన్ల ఏదో చదివొచ్చి, "పెట్రోలు పనైపోయిందిరా. పెద్ద రేసులల్లనే సగం కరెంటు తెచ్చిన్రు. ఇంజన్ కంపెనీలను బట్టలు మార్చినట్టు మారుస్తాన్రు. మనమింకా మీ మామను పట్టుకోని ఏలాడుడేంది?" అన్నడు. మడికొండ ఐటీ పార్కుల ఎలక్ట్రిక్ మోటర్లు చేసే చిన్న కంపెనీ సారొకాయనను పట్టుకొచ్చిండు. ఆ సారు, "మోటరు, బ్యాటరీ పెడుత. నా ముందట ఒకసారి నడిపి చూపియ్యిన్రి. నచ్చితే కోయంబత్తూరు దాక మీయే" అన్నడు. ఇంకేంది, చైర్మన్ అదే పూట, కోయంబత్తూరుల పెట్రోలు బండ్లకు వేరుగ జరిగే ఎలక్ట్రిక్ బండ్ల రేసుల మా పేరు రాయిచ్చేసిండు. ఒకసారి రాయిచ్చినంక మార్చుడు లేదంట. ముందుచూపు అంటే గట్లుండాలె!

మామకు ఈ శుభవార్త చెప్పే భాగ్యం మాత్రం నాకు దక్కింది. రక్తసంబంధం కదా.

"మామా, ఈసారి నీ ఇంజన్ వద్దంట."

"వద్దంటనా? ఎవలన్నరు?" చేతిల ఉన్న ప్లగ్గు తుడుసుకుంటనే అడిగిండు.

"ఫ్యూచరంత కరెంటేనంట మామా. పొగ రాదు, సప్పుడు రాదు."

"సప్పుడు రాకపోతే అది రేసెట్లయితదిరా? కుట్టు మిషనా అది?" అని మొఖం చిన్నగ చేసుకున్నడు. తర్వాత, "తోలేది ఎవలు?" అన్నడు.

"నేనే."

"అయితే ఇంజన్ ఎవనిదైతే నాకేంది, బండి పూజ మాత్రం నేనే చేస్త. సప్పుడు లేని బండికి దిష్టి ఎక్కువ తగుల్తది." ఇది ఏ శాస్త్రంల ఉందో నేను అడగలె. అలిగినోడు అలక దిగుతుంటే శాస్త్రం అడుగుతరా?

బండి నడిపి చూసేటందుకు మాకు దొరికిన జాగ ఎనుమాముల మార్కెట్ యార్డు. ఆదివారం సెలవు, ఎంత దూరమైనా సాపుగ సిమెంటు నేల. మామ దోస్తు అక్కడ్నే మిర్చి ఏజెంటు, ఆయన చెప్తే గేటు తీసిన్రు. మడికొండ సారు తెల్లంగి ఏసుకోని, వీడియో తీసేటందుకు ఇద్దరిని ఎంటబెట్టుకోని వచ్చిండు. కెమెరా ముందట, "ఇగ పొగ లేదు, ఘాటు లేదు. ఈ బండి ఎన్క నిలబడి హాయిగ ఊపిరి పీల్చుకోవచ్చు" అని చెప్పిండు. చైర్మన్ పక్కన నిలబడి తలకాయ ఊపిండు. మామ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిండు, కొబ్బరికాయ కొట్టిండు. అందరూ బండి ముందట నిమ్మకాయకు నాలుగు మిరపకాయలు గుచ్చి కడతరు. మా మామ, "మిర్చి యార్డుల నిలబడి నాలుగేందిరా, సిగ్గుచేటు" అని దోస్తు దగ్గరికెల్లి ఎండుమిర్చి తెప్పిచ్చి, పెండ్లికొడుకు మెడల ఏసేటంత దండ గుచ్చిండు. దాన్ని బండి మూతికి బిగిచ్చి కట్టిండు. సరిగ్గ ఫ్యాన్ జాలీ ముంగట. ఆ ఫ్యాన్ పనేందంటే, ముందట గాలి గుంజి, మోటరు సల్లారవెట్టి, ఎన్కకు ఊదుడు.

నేను హెల్మెట్ పెట్టుకోని అద్దం దించిన. బండి కదిలింది, సప్పుడే లేదు. రెండో చక్కర్‌ల మోటరు వేడైనట్టుంది, ఫ్యాన్ జోరందుకుంది. ఎండుమిర్చిని గుంజుకోని, పొడి కొట్టి, ఎన్కకు కొట్టుడు షురూ చేసింది. నాకేం ఎరుక? హెల్మెట్ల నేను రాజును. సారు ముందట నుంచి పోతుంటే అందరూ రెండు చేతులు ఊపుతాన్రు. ఆహా, నా డ్రైవింగ్ చూసి పిచ్చోళ్లైతాన్రు అనుకోని ఇంకింత పెంచిన. ఇంకో చక్కర్‌కు సారు కూలబడి ఉన్నడు. సంతోషం తట్టుకోలేకపోయిండనుకున్న. చైర్మన్ నేల మీద పొర్లుతాండు. వీడియో తీసేటోళ్లు కెమెరా వదిలిపెట్టి నల్లా దిక్కు ఉరుకుతాన్రు. మామ తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకోని బండికి ఎదురొచ్చి, "ఆపురా నాయనా, సంపుతవా!" అని ఒర్లినంక బ్రేకు తొక్కిన.

తెల్లంగి మీద ఎర్రపొడి, కండ్లు అంతకంటె ఎరుపు. సారు తుమ్ముల నడుమ చెప్పిందాంట్ల నాకు అర్థమైంది ఒక్కటే, "మోటరు ఇప్పున్రి." మోటరుకు ఏం కాలె, కంపెనీ ఇజ్జత్‌కే అయింది. బతిమాలినం, మామ చేతులు పట్టుకున్నడు, సారు ఇనలె. ట్రాలీ ఆటోల మోటరు పోతుంటే చైర్మన్, "ఇది కూడ మనకొక అనుభవమేరా" అన్నడు. నేను హెల్మెట్ తీసి ఏడ్చిన. నిజంగనే ఏడ్చిన. అక్కడ అందరి కండ్లపొంటి నీళ్లే గాబట్టి ఎవరికీ అనుమానం రాలె. మామకొక్కనికే తెలిసింది.

మళ్లా ఆదివారం మామ ఇంజన్ ఏసుకోని వర్క్‌షాపుకు వచ్చిండు.

"ఎందుకు మామా, రేసుల మన పేరు కరెంటు బండ్లల్ల ఉంది. దీన్ని రానియ్యరు."

"వాళ్లు రానియ్యకపోతే మనకు యార్డు లేదా? లెవ్వు."

పొద్దందాక కూసోని ఇంజన్ బిగిచ్చినం. యార్డుల మామ గీత గీసిండు, ఇంజన్‌ను ఎప్పటి తీరుగ రెండు తిట్లు తిట్టిండు, తువ్వాల ఊపిండు. ఏం సప్పుడు! ఏం పొగ! షెడ్ల మీద పావురాలన్నీ లేచిపోయినయి. దవడలు నొచ్చేటట్టు నవ్వుకుంట తోలిన. ఆఖరి చక్కర్‌ల గీత ఇంకా జరంత దూరం ఉందనంగ టప్పున ఆగింది. కరెంటు పాయె, పెట్రోలు పాయె. మామ ఉరికొచ్చి, లుంగీ ఎగ్గట్టి, రొప్పుకుంట బండిని ఎన్కకెల్లి నూకి గీత దాటిచ్చిండు. "గెలిచినవ్‌ రా అల్లుడా!" అని నా హెల్మెట్ మీద దబదబ కొట్టిండు.

ఇప్పుడు నేను కూడ మోటర్ల కంపెనీలనే పని చేస్తున్న. రేసులల్ల రేపు ఏ ఇంధనం ఉంటదో బొమ్మలు చూపెట్టి చెప్పుడే నా కొలువు. మొన్న కొత్తగ చేరిన పిల్ల అడిగింది, "సార్, మీరు ఎప్పుడన్నా రేసుల తోలిన్రా?" తోలిన అన్న. "ఎన్నో నంబరొచ్చిన్రు?" ఫస్టే అన్న. ఆ పిల్ల కండ్లు పెద్దగ చేసి, "ఎన్ని బండ్లుండె సార్?" అన్నది. ఫోన్ రాకున్నా చెవి కాడ పెట్టుకోని బయటకొచ్చిన. వచ్చినంక ఊకెనే ఉండబుద్ధి కాలె, నిజంగనే ఫోన్ చేసిన, మామకు.