అవ్వ కూర్చున్న చోటికే మా కారు

వరికోతల రోజుల్లో, బిచ్కుందలో మా ఆడపడుచు ఇంట్లో దావత్ ముగించుకుని మిట్టమధ్యాహ్నం బాన్సువాడకు బయల్దేరాం. మా ఆయన అప్పటికే నాలుగు బీర్లు తాగారు. "ఆటోల పోదామండీ" అని మెల్లగా అన్నాను.

"గీ రోడ్డు కండ్లు మూసుకొని నడుపుత" అన్నారు. మాట మీద నిలబడే మనిషి కదా, కాసేపటికే నిజంగా కళ్లు మూశారు.

కారు రోడ్డుపక్క ఆరబోసిన వడ్లలోకి దూసుకెళ్లి ఆగింది. తలుపు తోసుకుని దిగాను. నీళ్ల సీసాతో ఒక అవ్వ పరుగెత్తుకొచ్చింది.

"గీడనే కూసున్న బిడ్డా! నీళ్లకని గిప్పుడే లేసిన" అంది. ఆమె పరుచుకున్న గోనెసంచి మా ముందు టైరు కింద ఉంది.

ఊరివాళ్లు ఫోన్ చేస్తే పోలీసులొచ్చి మిషన్‌లో ఊదమన్నారు. "రెండే బీర్లు సార్" అన్నారు మావారు. మిషన్‌కు మొగుడంటే భయం లేదు, ఉన్నదున్నట్టు చూపించింది. కేసైంది, కోర్టులో జరిమానా పడింది, లైసెన్సూ పోయింది.

అందరూ ఆయన్నే తిట్టారు. చుట్టాల ముందు ఆయన పరువు పోతుందని, అంతా తెలిసీ నోరు మూసుకుని ఆ కారెక్కిన బుద్ధిమంతురాలిని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.