బెత్తెడు తగ్గిన బల్ల

ఆ రోజుల్లో మా ఇంట్లో పని అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పేవారు కాదు గానీ అందరికీ తెలుసు. కూర్చుని చేసేదాన్ని పని అనాలంటే మనిషి ముందర ఒక బల్ల ఉండాలి. బ్యాంకులో గుమాస్తా ముందర బల్ల ఉంది కాబట్టి ఆయనది పని. మా నాయన ఊరి చివర తన బండల అంగడిలో బల్ల వెనక కూర్చుని మధ్యాహ్నమంతా కునుకు తీసినా అది పనే. నేను మాత్రం మంచం మీద కాళ్లు ముడుచుకుని, ఒళ్లో దిండు పెట్టుకుని, దిండు మీద పెన్ ట్యాబ్లెట్ పెట్టుకుని (అంటే కంప్యూటరుకు తగిలించే నల్లటి పలక, దాని మీద సిరా లేని పెన్నుతో గీస్తే గీత తెర మీద పడుతుంది) పొద్దుగూకులూ బొమ్మలు గీసినా, ఇంటికొచ్చిన వాళ్లు అడిగితే అమ్మ చెప్పే జవాబు ఒకటే. పాప ఇంట్లో ఖాళీగానే ఉండాదని. కడపలో డిగ్రీ అయిపోయింది. మా చర్చిలో ఆదివారం బడి పిల్లలకు బొమ్మల చార్టులు గీసిపెట్టడం తప్ప నా విద్యకు ఊళ్లో గిరాకీ లేదు. అలాంటి సమయంలో బెంగళూరులో పిల్లల కథలకు బొమ్మలు వేయించే ఒక కంపెనీ వాళ్లు, ముందు ఒక మేక కథకు బొమ్మలు గీసి పంపండి, నచ్చితే ఇంటి నుంచే పని చేసుకోవచ్చు అన్నారు. ఈలోగా నంద్యాలలో ఉండే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, బ్యాంకు పరీక్షల కోచింగులో నాకు సీటు మాట్లాడేశాడు. నాయన నా మాటా మామ మాటా కాదనకుండా, కొత్త బ్యాచి మొదలయ్యేలోపల మేక సంగతి తేలితే సరే, తేలకపోతే నంద్యాల బస్సు ఎక్కాల్సిందే అని తీర్పు చెప్పాడు.

దిండు మీద గీసిన మేకలు నిలకడగా రావని, మెడ పట్టేస్తోందని, నాకు సరైన బల్ల కావాలని నేను అడిగాను. నిజం చెప్పాలంటే మెడనొప్పి సగమే. మిగతా సగం, బల్ల ఒకటి ఉంటే ఇంట్లోవాళ్లు నన్ను పని ఉన్న మనిషిగా చూస్తారేమోనన్న ఆశ. అయితే బొమ్మలు గీసేవాళ్ల బల్ల అందరి బల్లలాంటిది కాదు. తెర చేయి చాపినంత దూరంలో ఉండాలి, పలక ఎదురుగా ఉండాలి, ఎడమ చేతికి కీబోర్డు అందాలి, కిటికీ వెలుతురు తెర మీద పడి రంగులు వెలవెలబోకూడదు. ఇవన్నీ వీడియోల్లో చూసి తెలుసుకున్నాను. ఎత్తు ఎంత ఉండాలో మాత్రం ఒక్కో వీడియో ఒక్కో మాట చెప్పింది. దాంతో నా బుర్రలో పురుగు తొలిచింది. అసలు మన ఊళ్లో చేతులతో పని చేసేవాళ్లు ఏ ఎత్తులో చేస్తున్నారు? నాయన అంగడిలో టేపు తీసుకుని బయలుదేరాను.

మొదట మా వీధి టైలర్ భాయ్ దగ్గరికి వెళ్లాను. మిషను బల్ల ఎత్తు, స్టూలు ఎత్తు, ఆయన మోచేయి నేలకు ఎంత దూరంలో ఉందో కొలుచుకుంటుంటే పాపం కదలకుండా కూర్చున్నాడు. చివర్లో మాత్రం, "జిందగీ అంతా జనం కొలతలు నేను తీసినా బేటీ, నా కొలత తీసింది నువ్వొక్కదానివే" అని మురిసిపోయి టీ తెప్పించాడు. బస్టాండు దగ్గర పరోటా మాస్టరు పిండి కొట్టే బండ ఎత్తు కొలవబోతే, మునిసిపాలిటీ వాళ్లు పంపించారనుకుని ఆయన బండి వెనక్కి లాక్కున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో అయ్యగారు ప్రసంగం చెప్పే బల్ల ఏటవాలు ఎంతో చూడాలనిపించింది. బైబిలు జారకుండా నిలబడుతుందంటే నా పలక కూడా నిలబడుతుంది కదా. నేను వంగి కొలుస్తుంటే అయ్యగారు వెనక నుంచి వచ్చి, కమిటీవాళ్లు కొత్తది చేయించడానికి నన్ను పంపారనుకుని, టేకుతో అయితే బాగుంటుందని, కొంచెం వెడల్పుగా ఉంటే నీళ్ల గ్లాసు కూడా పెట్టుకోవచ్చని సంతోషంగా చెప్పుకుపోయారు. (ఆయన్ను ఆ సంతోషంలోంచి బయటికి తేవడానికి నాకు నోరు రాలేదు. తర్వాత కమిటీవాళ్లకు ఏం చెప్పుకున్నారో తెలియదు.) ఇంత తిరుగుడూ తిరిగితే తేలిందేమంటే, నిలబడినా కూర్చున్నా అందరి చేతులూ మోచేతి ఎత్తులోనే ఆడుతున్నాయి. ఈ సంగతి మొదటి వీడియోలోనే ఉంది. కానీ ఊళ్లో కొలిచి తెలుసుకున్నాక అది నేను కనిపెట్టినట్టే అనిపించి, ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

బల్ల బొమ్మ గీసి, కొలతలు వేసి నాయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగానే చూశాడు. చెక్క అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాడు. "చెక్క చెదలు తింటాది, ప్లైవుడ్డు వానకు ఉబ్బుతాది. బండకు ఏమైతాది పాపా? నువ్వు ముసలిదానివైనా అది అట్లనే ఉంటాది" అన్నాడు. కడప బండలు అమ్ముకుని బతికే ఇంట్లో గూళ్లు బండవే, వంటగట్టు బండదే, బీరువా అరలు బండవే, నా బల్ల చెక్కది ఎలా అవుతుంది? సరిగ్గా అప్పుడే మిద్దె మీద కొత్త గది కడుతున్నారు. ఆ గదిలో కిటికీ పక్కగా గోడకు గాడి కొట్టి, నల్లటి పెద్ద బండను అందులోకి దూర్చి సిమెంటు పట్టించాలని తేలింది. మేస్త్రీ నా కాగితం చేతబట్టుకుని, వేలితో చూపిస్తూ ప్రతి అంకె పైకి చదివి, టేపుతో రెండుసార్లు సరిచూసుకుని బండ ఎక్కించాడు. వైర్లు పోవడానికి రంధ్రం వేయడానికే ఒక పూట పట్టింది. పలకకు ఏటవాలు కోసం చిన్న బండముక్క చెక్కించి పెట్టారు. నేను నిలబడి, వంగి, పక్క నుంచి, దూరం నుంచి దాన్ని చూసుకుని పొంగిపోయాను. వేసవిలో బండ చల్లగా ఉంటుందని అమ్మ కూడా మెచ్చుకుంది (ఉండదని మరుసటి ఏప్రిల్లో తెలిసింది).

మా వైపు ఇల్లు కట్టేటప్పుడు ఒక పద్ధతి ఉంది. గోడల్లో బండల గూళ్లు, గట్లు ముందు బిగించేస్తారు, తర్వాత గోడలకు పూత పూస్తారు, అన్నీ అయ్యాక చిట్టచివర నేల మీద బండలు పరుస్తారు. లేకపోతే పైనుంచి పడే సిమెంటుకు కొత్త నేల పాడైపోతుంది. ఈ పద్ధతి మేస్త్రీకి తెలుసు, నాయనకు తెలుసు, బండల మధ్యే పుట్టి పెరిగిన నాకూ తెలుసు. ఆ గదికి నాయన తన అంగడిలోంచి మంచి బండలు తానే ఏరి పంపాడు. ఒక్కోటి ఒక్కో మందం కావడంతో కింద సిమెంటు దట్టంగా పోసి, వరస చెడకుండా, సందు కనబడకుండా దగ్గరుండి పరిపించాడు. నూనె పట్టించి రుద్దిస్తే నేల నల్లగా నిగనిగలాడింది. అంగడికి వచ్చినవాళ్లను మిద్దె ఎక్కించి, బండ పరిస్తే ఇట్ల ఉండాల అని చూపించడం మొదలుపెట్టాడు. నేను కంప్యూటరు సర్దుకుని, కుర్చీ లాక్కుని, దేవునికి ఒక చిన్న ప్రార్థన చేసుకుని కూర్చున్నాను. రెండు మోకాళ్లూ ఠకీమని బండకు తగిలాయి.

నేల బెత్తెడు పైకి లేచింది. బల్ల లేవలేదు.

మేస్త్రీని పిలిపించి అడిగితే ఆయన జవాబులో తప్పు పట్టడానికేమీ లేదు. "నేల మీద నుంచే గదా పాపా కొలిచినా. అప్పుటికి నేల అదే గదా" అన్నాడు. నేను కాగితం మీద నేల అనే రాశాను. ఏ నేల అని ఎవరూ అడగలేదు. బతుకంతా నేలలు అమ్మిన నాయన, నేల అనేది ఒకటి రాబోతోందన్న సంగతి మర్చిపోయాడు. బల్లను పైకి జరపాలంటే గోడ పగలగొట్టాలి. మోకాళ్లు పక్కకు తిప్పి కూర్చుంటే నడుము కూడా పక్కకు తిరిగింది, ఆ రోజు గీసిన మేకలన్నీ మెట్ల వైపే చూస్తున్నాయి. ఆదివారం బడి నుంచి చిన్నపిల్లల కుర్చీ తెచ్చి చూశాను. మోచేతులు సరిపోయాయి గానీ మోకాళ్లు గడ్డానికి తగిలాయి. నంద్యాల బ్యాచి దగ్గరపడుతోంది. ఇంత ఆరాటపడి, ఊరంతా కొలిచి, చివరికి మంచం మీదికే తిరిగి వెళ్లాల్సి వస్తుందేమోనని నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

అన్నం కలుపుతూ అమ్మ, తన పుట్టింటి వీధిలో నేతగాళ్ల మగ్గాలకు ముందర గుంత ఉంటుందని, కాళ్లు అందులో వేసుకుని కూర్చుంటారని, ఎవరికీ మోకాళ్లు తగలగా తను చూడలేదని అంది. మిద్దె మీద గుంత తవ్వితే పాప నేరుగా నీ పొయ్యి మీద పడుతుందని నాయన విసుక్కున్నాడు. అప్పుడు నాకు వెలిగింది. తవ్వక్కర్లేదు. కుర్చీ ఉండే చోట పరిచిన బండలు ఎత్తేస్తే చాలు, పాత నేల బయటపడుతుంది, నా కొలతలు నాకు తిరిగొస్తాయి. ఆ మాట పైకి అనేశాక నాయన ముఖం చూసి, అనకుండా ఉండాల్సిందనిపించింది. ఆయన ఏరి ఏరి పరిపించిన నేల అది. దాంట్లో బొక్క పెట్టుకుని అంగడికి వచ్చినవాళ్లకు ఏం చూపిస్తాడు? ఆయన చేయి కడుక్కుని లేచి వెళ్లిపోయాడు.

పొద్దున్నే మిద్దె మీద ఠంగు ఠంగుమని చప్పుడు. పోయి చూస్తే నాయన పంచె ఎగగట్టి, ఉలీ సుత్తీ పట్టుకుని, తన నేలను తానే ఎత్తుతున్నాడు. మేస్త్రీని పిలవొచ్చు కదా అంటే, వాడికి చెప్తే ఊరంతా చెప్తాడని గొణిగాడు. మధ్యాహ్నానికి కుర్చీ పట్టేంత గుంత తయారైంది. అందులోకి దిగి కూర్చున్నాను. మోకాళ్లకు చోటుంది, మోచేతులు బండ మీద హాయిగా ఆనుకున్నాయి. పెన్ను పట్టుకున్నాను, ఇక చుట్టుపక్కల లోకం గుర్తులేదు. నాయన వెళ్లాడనే అనుకున్నాను. ఆయన ఎత్తిన బండల మీదే కూర్చుని తెర వంక చూస్తున్నాడని చాలాసేపటికి గానీ తెలియలేదు.

"ఆ కాలు బాగనే ఉండె గదా, ఏల తుడిపేసినావు?" అన్నాడు.

"మేక బరువు దాని మీద పడలేదు నాయనా" అన్నాను.

ఆయన ముందుకు వంగి చూశాడు. మళ్లీ గీశాను, మళ్లీ తుడిపాను, మళ్లీ గీశాను. కాసేపటికి ఆయనే, "అట్లయితే ఎనక కాలు గూడా మార్చాల గదా" అన్నాడు. మార్చాల్సిందే. నేను చూసుకోలేదు. ఇద్దరం ఆ మేకను చూస్తూ ఉండగానే ఆయన ఫోను మోగింది. నంద్యాల మామ. సోమవారం బ్యాచి మొదలు, పాపను ఎప్పుడు తెస్తాండారు అని అడుగుతున్నాడు. మామ గొంతు పెద్దది, గుంతలో ఉన్న నాకు కూడా వినబడింది.

"రాదులేప్పా, పాప పని చేస్తాండాది" అన్నాడు నాయన.

ఉద్యోగం వచ్చేసిందా అని మామ అడిగాడు.

"ఉద్యోగం సంగతి నాకు తెలీదప్పా. పని అయితే చేస్తాండాది. నేను ఈడనే కూచ్చొని చూస్తాండా."

బెంగళూరువాళ్లు ఆ మేకను మర్యాదగానే తిప్పి పంపారు. కాలు నచ్చలేదంటనా అని నాయన చాలా రోజులు బాధపడ్డాడు. అప్పటికి నంద్యాల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. తర్వాత వేరేవాళ్ల పనులు ఒకటొకటిగా వచ్చాయి, ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. నేను ఇప్పటికీ ఆ గుంతలోనే కూర్చుంటాను, గోడ పగలగొడితే తప్ప బల్ల పైకి జరగదు కాబట్టి. ఒక్కోసారి పని ఆపి ఆ మధ్యాహ్నాన్ని తలుచుకుంటాను. టైలర్ భాయ్ మోచేతిని, అయ్యగారి బల్లను కొలుచుకుంటూ తిరిగిన ఆ పిల్ల, తను అంతగా కోరుకున్న మాట వెనక నుంచి వినబడినప్పుడు, ఒక్కసారి తల తిప్పి వాళ్ల నాయన ముఖం చూసి ఉండాల్సింది. చూడలేదు. వెనక కాలు ఇంకా కుదరలేదు మరి.